చైనా చుక్కల భాష, 4వ పాఠం: కంటి చుక్కా, లెక్క చుక్కా?

ఈసారి నేరుగా కవిత్వంలోకి వెళ్దామనుకున్నాను. కానీ మీరు పంపిన అభ్యాసాలు చూశాక పోయిన పాఠం చిక్కే ముందు విప్పాలనిపించింది. అది ఫెంగ్‌షుయ్ గురించి, అంటే ఇంటి దిక్కుల మంచిచెడులు చూసే చైనా వాస్తు. అందులో ఒక్కో ఏడాదికి 1 నుంచి 9 దాకా అంకెలను మూడు వరసల గడుల్లో నింపుతారు, నడిమి గడి చుట్టూ ఒక్కో గడీ ఒక్కో దిక్కు.

2026 సంవత్సరానికి తొమ్మిది గడులూ చాలామంది సరిగ్గానే నింపారు. మధ్యలో 1, పైవరస నడిమి గడిలో 5. తర్వాత ఆ 5ను తీసుకెళ్లి ఉత్తరంలో పెట్టేశారు. ఈ గడుల పటంలో పైన ఉండేది దక్షిణం. ఒకరైతే 5 అంటే కీడని ఉత్తరపు గదిలోని అమ్మగారి మంచం హాల్లోకి మార్పించారట. దయచేసి ఆవిడ మంచం ఆవిడ గదిలో వేయించండి. నేను కాగితం పైభాగాన్ని దక్షిణం వైపు తిప్పి పట్టుకుని చదువుతాను. ఇక పొరపాటు జరగదు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. డాబా ఎక్కి వెతికాం, దక్షిణాన ఐదో నక్షత్రం కనపడలేదని నలుగురు రాశారు. కనపడదు. ఫెంగ్‌షుయ్‌లో ‘ఎగిరే నక్షత్రాలు’ అనేవి అంకెలు. వాటి పేర్లు మాత్రం ఆకాశం నుంచి వచ్చాయి. 1 పేరు తాన్‌లాంగ్, అంటే ఆశపోతు తోడేలు. 5 పేరు లియన్‌జెన్. ఇవి సప్తర్షి మండలంలోని చుక్కలకు చైనావాళ్లు పెట్టుకున్న పేర్లు. మన లెక్కలో మొదటిది క్రతువు, ఐదోది అంగిరసుడు. అంగిరసుడు ఎప్పుడూ మనకు ఉత్తరపు ఆకాశంలోనే ఉంటాడు. 2026లో 5 మాత్రం దక్షిణపు గడిలో కూర్చుంది. పేరు ఆకాశానిది, నడక లెక్కది.

సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది. అప్పుడు రాహువు ఎక్కడున్నాడని ఎవరూ తలెత్తి చూడరు కదా, వారాన్ని బట్టి లెక్క కడతారు. ఇదీ అంతే. ఫెంగ్‌షుయ్ కాలాన్ని ఇరవయ్యేసి ఏళ్లుగా ఒక్కో నక్షత్రానికి పంచుతుంది. 2023తో 8వ నక్షత్రపు ఇరవై ఏళ్లు ముగిశాయి, 2024 నుంచి 2043 దాకా 9వ నక్షత్రానివి. ఆ మార్పు జరిగిన రోజు ఆకాశంలో ఏ చుక్కా చోటు మారలేదు.

కవుల చుక్కలు వేరు. అవి కంటి చుక్కలు. పద్యంలో చుక్క కనపడగానే నేను పెన్సిల్‌తో అంచున కంటిదైతే ‘కం’ అనో, లెక్కదైతే ‘లె’ అనో రాసుకుంటాను, అర్థం సంగతి ఆ తర్వాతే. 1075లో చైనా కవి సు షి రాసిన వేట పద్యంలో విల్లు ఎక్కుపెట్టి కొట్టాలనుకున్న తోడేలు తాన్‌లాంగ్ కాదు, త్యెన్‌లాంగ్. అంటే మన లుబ్ధకుడు (సిరియస్), దండెత్తి వచ్చే శత్రువుకు గుర్తు. మనకు వేటగాడైన చుక్క వాళ్లకు వేటాడాల్సిన మృగం! 

నాకు ప్రాణమైనది మరో చైనా కవి దు ఫు పద్యం. మనుషులు కలుసుకోలేని బతుకు షెన్, షాంగ్ చుక్కల తీరని మొదలుపెడతాడు. షెన్ అంటే ఒరయన్ అనే చుక్కల గుంపు నడుము చుట్టూ ఉన్న చుక్కలు, షాంగ్ అంటే జ్యేష్ఠ. పోట్లాడుకున్న అన్నదమ్ములను చెరో చోటికి పంపి, చెరో చుక్కను అప్పగించారని పాత కథ. ఒకటి పైకి వచ్చేసరికి రెండోది కుంగిపోతుంది. అలాంటిది, ఇరవై ఏళ్ల తర్వాత దు ఫు, అతని స్నేహితుడు ఆ స్నేహితుడి ఇంట్లో ఒకే దీపం ముందు కూర్చున్నారు. విడిపోయినప్పుడు స్నేహితుడికి పెళ్లే కాలేదు, ఇప్పుడు పిల్లలు వరసగా నిలబడ్డారు. రాత్రి వానలో కోసుకొచ్చిన లేత ఉల్లికాడలు, కొర్రలు కలిపి వండిన వేడన్నం. పది గిన్నెలు తాగినా మత్తెక్కలేదు. తెల్లారితే మధ్యలో కొండలు. ఆ మొదటి చుక్కల మాట తెలియకపోతే ఉల్లికాడలు ఉల్లికాడలుగానే మిగులుతాయి.

అభ్యాసం ఒక్కటే, ఓపిక కావాలి. మే మొదటి వారంలో రాత్రి 8 నుంచి 9:30 దాకా డాబా మీద కూర్చోండి. పడమట ఒరయన్ నడుము చుక్కలు ఎన్నింటికి మాయమయ్యాయో, ఆగ్నేయాన ఎర్రటి జ్యేష్ఠ ఎన్నింటికి కనపడిందో రాసుకోండి. మనం చైనా కంటే దక్షిణాన ఉన్నాం కాబట్టి కాసేపు రెండూ చెరో అంచున ఉండే వీలుంది. మీ కంటికి ఆ కాసేపు దొరికిందా లేదా, అదే నాకు రాయండి.