సాంటా ఫే ప్లాజా చిన్నదే, కానీ 7,000 అడుగుల ఎత్తున ఉంది

న్యూ మెక్సికోలోని సాంటా ఫే ప్లాజా చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టదు. నాలుగు చెట్లు, బెంచీలు, ఉత్తరం పక్కన మట్టిగోడల గవర్నర్స్ ప్యాలెస్. 1610 ప్రాంతంలో స్పెయిన్ వాళ్లు ఇక్కడి పాలన కోసం కట్టుకున్న భవనం అది. ఇంత చిన్న చోటికి జాగ్రత్తలేమిటని మేమూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని డాలస్ నుంచి ధీమాగా బయల్దేరాం.

అసలు చిక్కంతా ఎత్తుతోనే. ఊరు సుమారు 7,000 అడుగుల మీద ఉంది, అంటే దాదాపు ఊటీ అంత. ఊటీకైతే ఘాట్ రోడ్డులో మలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్తాం కాబట్టి కొండెక్కామని ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ హైవే చదునుగా ఉన్నట్టే ఉంటుంది, ఎక్కుతున్న సంగతే తెలీదు. పైగా ఎడారి గాలి, చెమ్మ అసలుండదు. మొదటి రోజు సాయంత్రం కెథడ్రల్ నుంచి ప్లాజాకి, ఒక్క వీధి దూరం, నడిచిన నాన్న బెంచీ మీద కూలబడి "కాసేపు ఆగుదాంరా" అన్నారు. తల పోటు, ఆయాసం. రాత్రి రుమాలు మీద ముక్కులోంచి వచ్చిన రక్తం చార చూసి అమ్మకి ఒకటే టెన్షన్.

అందుకని చేరిన రోజు ఏమీ పెట్టుకోకండి. దాహం వేసేదాకా చూడకుండా నీళ్లు తాగుతూ ఉండండి. పెదాలకీ, ముక్కు అంచులకీ వాజలిన్ రాయండి. మద్యం ఆ ఒక్క రోజూ మానేస్తే మంచిది, ఈ ఎత్తులో తొందరగా ఎక్కుతుంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టర్ని అడగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తలనొప్పికి వాంతులు తోడైనా తెల్లారేదాకా చూడొద్దు, 911కి ఫోన్ చేయండి.

అద్దె ఇంట్లో వంట చేసుకునే మనవాళ్లకి ఇంకో మాట. అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మా రైస్ కుక్కర్ ఎప్పటిలాగే టక్కున వార్మ్‌లోకి పడింది, మూత తీస్తే అన్నం పలుకుపలుకుగా ఉంది. బియ్యం అరగంట నానబెట్టి, కాస్త నీళ్లు ఎక్కువ పోయండి. కందిపప్పుకి ప్రెషర్ కుక్కర్ తప్పదు, మామూలు కన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

జులై నుంచి సెప్టెంబరు మొదలు దాకా మధ్యాహ్నాలు నమ్మలేం. పదకొండింటికి ఎండ మాడు పగలగొడుతుంది, మూడింటికి ఉరుములు మొదలవుతాయి. ఉరుము వినపడితే ప్లాజా చెట్ల కింద నిలబడొద్దు, మ్యూజియంలోకో కారులోకో వెళ్లిపోండి. పొద్దుట టోపీ, సన్‌స్క్రీన్ ఎంత అవసరమో రాత్రికి స్వెటరూ అంతే. చలికాలంలో రాత్రి గడ్డకట్టిన మంచు మీద కాలు జారుతుంది, పెద్దవాళ్లకి చెప్పులు వద్దు.

ప్యాలెస్ వసారాలో నేల మీద దుప్పట్లు పరుచుకుని నేటివ్ అమెరికన్ కళాకారులు నగలు అమ్ముతారు. ఎవరెక్కడ కూర్చోవాలో రోజూ పొద్దున్నే చీటీలు తీసి తేల్చుకుంటారు. ప్రతి వస్తువు మీదా చేసినవాళ్ల గుర్తు ఉంటుంది. అడక్కుండా ఫోటో తీయకండి. చార్మినార్ దగ్గర గాజులు బేరమాడినట్టు సగం ధరకి అడక్కండి, అది వాళ్ల చేతిపని. బయటి షాపుల్లో టర్కాయిస్, అంటే నీలి-ఆకుపచ్చ రాయి నగలు, కొంటే మాత్రం రాయి అసలుదా, ఎవరు చేశారు అన్నది బిల్లు మీద రాయించుకోండి. వేరేవాళ్లు చేసినదాన్ని నేటివ్ వాళ్లు చేసిందని చెప్పి అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం.

హోటల్లో "రెడ్ ఆర్ గ్రీన్?" అంటే ఏ మిరపకాయల సాస్ కావాలని. "క్రిస్మస్" అంటే రెండూ వేస్తారు. గుంటూరు కారం తిన్న నోటికి ఇదో లెక్కా అనిపిస్తుంది, కానీ ఖాళీ కడుపుతో మొదటి రోజే ఆ పంతం వద్దు. శాకాహారులకి అసలు ప్రమాదం కారం కాదు. బీన్స్‌లో పంది కొవ్వు, అంటే లార్డ్, పడుతుంటుంది. పొసోలే అనే మొక్కజొన్న గింజల పులుసులో సాధారణంగా పంది మాంసమే ఉంటుంది. గ్రీన్ చిలీ సాస్‌లోనూ మాంసం ఉండొచ్చు. "వెజిటేరియన్" అని వదిలేయకుండా లార్డ్, పోర్క్ అని పేరు పెట్టి అడగండి.

పనిలో పనిగా ఈ రాష్ట్రం దక్షిణాన తెల్ల ఇసుక దిబ్బల పార్కు వైట్ శాండ్స్ కూడా చూసేవాళ్లు పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు) కాగితాలు చేతికందేలా పెట్టుకోండి. మెక్సికో సరిహద్దుకి దగ్గర్లో ఉన్న లాస్ క్రూసెస్ ఊరి చుట్టుపక్కల హైవేల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. దేశం దాటకపోయినా కారు ఆపి అడుగుతారు. మమ్మల్నీ ఆపారు. నాన్న పాస్‌పోర్టు సూట్‌కేసు అడుగున, ఆవకాయ డబ్బా కింద ఉంది.