వైర్‌లెస్ వీఆర్ తడబడితే ముందు రౌటర్ వెనక చూడండి

పీసీ గేమ్‌ను వైఫై మీదుగా క్వెస్ట్ 2 లాంటి వీఆర్ హెడ్‌సెట్‌లో (కళ్లకు తగిలించుకునే తెర) ఆడితే, తల తిప్పినప్పుడల్లా బొమ్మ ఆగిపోయేది. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు పోయకముందే రౌటర్ లాన్ పోర్టు (పీసీ కేబుల్ గుచ్చే చోటు) చూడాలి. చవక డ్యూయల్ బ్యాండ్ రౌటర్లు చాలావాటిలో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. డబ్బా మీది 1200 అంకె వైఫై వేగం లెక్క, పోర్టుది కాదు. బిట్‌రేట్ (సెకనుకు పంపే వీడియో డేటా) 150 ఎంబీపీఎస్ పెడితే ఆ పోర్టులోంచి దూరదు.

గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్న రౌటర్ పెట్టి, పీసీకి క్యాట్ 5ఈ కేబుల్ కలిపాను. అయినా విండోస్‌లో లింక్ స్పీడ్ 100/100 అనే ఉంది! కనెక్టర్‌లో గోధుమరంగు తీగ ఊడింది. 100కి నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. కనెక్టర్‌లో తీగలన్నీ మళ్లీ బిగించి క్రింప్ చేయిస్తే 1000/1000 వచ్చింది, తడబాటు పోయింది.

రౌటర్ ఆడే గదిలోనే ఉండాలి. హెడ్‌సెట్‌కు 5 గిగాహెర్ట్జ్, ఫోన్లూ టీవీ 2.4కి.