ఉమ్మడి ఖాతా, ఎన్‌ప్రాక్ పరిమితి: నా అనుభవం

విజయనగరంలో మా కళాశాల ల్యాబులో సెంటాస్ 6 (ఒక లినక్స్ వ్యవస్థ) సర్వరులోకి విద్యార్థులందరూ ఒకే ఉమ్మడి ఖాతాతో లాగిన్ అయ్యేవారు. ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు చీపురుపల్లి నుంచి రైలులో వచ్చే ఒక అమ్మాయి ప్రోగ్రామును కంపైల్ చేయబోతే, "ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్" (కొత్త ప్రాసెస్ మొదలుపెట్టడానికి ప్రస్తుతం వీలులేదు) అనే సందేశం వచ్చింది; ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెమరీ మాత్రం సగానికి పైగా ఖాళీగానే ఉంది. అడ్డుపడింది ఎన్‌ప్రాక్, అంటే ఒక వినియోగదారు ఒకేసారి నడపగల ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) సంఖ్యపై ఉండే పరిమితి.

ఈ పరిమితులను రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైలులో, సాధారణ వినియోగదారులందరికీ వర్తించే నక్షత్రం గుర్తు వరుసన ఎన్‌ప్రాక్‌ను 4096గా రాసి, మళ్ళీ లాగిన్ అయి అమల్లో ఉన్న పరిమితిని చూపే యూలిమిట్ ఆదేశంతో చూస్తే పాత 1024 అంకే కనిపించింది. లిమిట్స్.డి డైరెక్టరీలోని 90-ఎన్‌ప్రాక్.కాన్ఫ్ అనే ఫైలు ఆ తరువాత చదవబడి, నేను రాసిన విలువను తోసిపుచ్చుతున్నదని గుర్తించడానికి నాకు ఒక పూట పట్టింది.

అయితే అంకె పెంచడం అసలు పరిష్కారం కాదని నా అభిప్రాయం. ఈ పరిమితి ఒక్కో లాగిన్‌కు కాక వినియోగదారు గుర్తింపు సంఖ్య మొత్తానికి వర్తిస్తుంది, లినక్స్‌లో థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనులు) కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి పదుల కొద్దీ థ్రెడ్లు తెరిచే జావా ప్రోగ్రాములు కొన్ని నడిస్తే చాలు, ఉమ్మడి ఖాతాలో ఉన్న పిల్లలందరికీ దారి మూసుకుపోతుంది. అందువల్ల ఒక్కొక్కరికీ విడి ఖాతా తెరిచి, సాఫ్ట్ పరిమితి (మామూలుగా అమలయ్యేది) 300, హార్డ్ పరిమితి (వినియోగదారు సాఫ్ట్ పరిమితిని పెంచుకోగల గరిష్ఠ హద్దు) 400గా పెట్టాను. లాగిన్ వ్యవహారాలు చూసే పామ్ వ్యవస్థ వీటిని లాగిన్ సమయంలోనే అమలు చేస్తుంది కనుక, పాత సెషన్లన్నీ ముగించిన తరువాతే పిల్లలను మళ్ళీ కూర్చోబెట్టాను.