ఇంటి కుట్టు – 4వ పాఠం: పాత నేతచీరలోంచి పాపకు లంగా

పోయిన పాఠంలో చెప్పిన దిండు గలీబు, ఎలాస్టిక్ నిక్కరు కుట్టినవాళ్లు ఈ పాఠానికి సిద్ధంగా ఉన్నట్టే. కుట్టు కాస్త వంకరపోయినా ఫరవాలేదు. దారం మాటిమాటికీ తెగుతుంటే మాత్రం రెండో పాఠంలో బాబిను గురించి చెప్పింది ఇంకోసారి చూసి రండి. ఈరోజు కుట్టు చాలా పొడవుంటుంది, మధ్యలో తెగితే చిరాకు.

ఈసారి కొత్త గుడ్డ కొనక్కర్లేదు. బీరువాలో అడుగున పడి ఉన్న నూలు చీర ఒకటి తీయండి. మంగళగిరి చీర అయితే మరీ మంచిది. ఒళ్లంతా సాదాగా, అంచు మాత్రం జరీతో ఉంటుంది కాబట్టి ఎక్కడ కత్తిరించినా బొమ్మ తెగిపోతుందన్న బెంగ లేదు. పోచంపల్లి చీరలో నూలుకే ముందుగా రంగు అద్ది నేస్తారు, అందుకని రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఏది పైవైపో, ఏది లోపలివైపో తికమకపడే కొత్తవాళ్లకు అది వరం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పాతబడ్డాక చీలిక వస్తుంటుంది, అక్కడ వేలు పెట్టి చూసుకోండి. వెంకటగిరి మరీ పల్చన. లైనింగు లేకుండా లంగాకు ఆగదు కాబట్టి ఇప్పటికి పక్కన పెట్టండి.

చీర మీది కాకుండా అమ్మదో అత్తగారిదో అయితే, కత్తెర పట్టేముందు ఒక మాట అడగండి. "ఎప్పటిదో పాతది, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నవాళ్లే ముక్కలు చూశాక నొచ్చుకుంటారు.

పాత చీరతో మూడు లాభాలున్నాయి. కుంచించుకుపోయేది ఎప్పుడో కుంచించుకుపోయింది, రంగు పోయేది పోయింది. కాబట్టి కొత్త గుడ్డలా ముందు నానబెట్టి ఆరేయక్కర్లేదు. గుడ్డ మెత్తబడి ఉంటుంది, పిల్లలకు గుచ్చుకోదు. మూడోది, అసలైనది, మడతల దగ్గర చెప్తాను.

ముందు చీరను వెలుతురులో చూడాలి

పాత చీర అంతా ఒకేలా అరగదు. భుజం మీద పిన్నీసు పెట్టేచోట చిన్న చిన్న చిల్లులుంటాయి. పిరుదుల దగ్గర, కూర్చుని లేచేచోట పోగులు పల్చబడతాయి. కుచ్చిళ్లు పడేచోట కింద అంచు కాళ్లకు రాసుకుని నలుగుతుంది, ఫాల్ ఉంటే అక్కడ కూడా గట్టిగానే ఉంటుంది.

కిటికీకి ఎదురుగా ఇద్దరు చెరో చివర పట్టుకుని చీరను బారుగా సాగదీయండి. వెలుతురు ఎక్కువగా దూరేచోట సుద్దతో చుట్టూ గీయండి. తర్వాత అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్లూ పక్కపక్కనే ఆనించి గుడ్డను మెల్లిగా లాగండి. నిలువుకూ లాగండి, అడ్డానికీ లాగండి. పోగులు పక్కకు జరిగి సందు పడి, వదిలాక కూడా దగ్గరకు రాకపోతే ఆ గుడ్డ కుట్టుకు ఆగదు. దాన్ని ఇల్లు తుడవడానికి వాడుకోండి. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. అది ఎగ్గొట్టి కుడితే మొదటి ఉతుకులోనే కుచ్చుల దగ్గర పిగిలిపోతుంది.

మామూలుగా లోపలి చెంగు వైపు, ఫాల్ కుట్టిన రెండు రెండున్నర మీటర్ల భాగం బాగుంటుంది. లంగాకు అదే తీసుకుందాం. ఫాల్ ముడతలు పడకుండా ఉంటే విప్పకండి. లంగా అడుగున బరువుగా ఉండి, గుడ్డ చక్కగా జారుతుంది. ముడత పడి అంచును లాగేస్తుంటే మాత్రం విప్పేసి దాచండి, ముందు ముందు పట్టీలకు పనికొస్తుంది.

మెత్తటి పాత గుడ్డ కత్తెర కింద జారిపోతుంది. కాబట్టి లేత గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరించండి. అన్నం వార్చిన గంజి చాలు. గంజి పెట్టిన గుడ్డ మీద సుద్ద గీత కూడా స్పష్టంగా పడుతుంది.

కొలతలు

ఆరేడేళ్ల పాపకు ఒక లెక్క చెప్తాను. మీ పాప కొలతలు వేరే ఉంటాయి, లెక్క పద్ధతి ఇదే.

పాప నడుముకు ఒక తాడు కట్టండి. పిల్లలు కొలత అనగానే పొట్ట లోపలికి పీల్చేస్తారు, కబుర్లలో పెట్టి కొలవండి. తాడు దగ్గర్నుంచి చీలమండ దాకా లంగా పొడవు. మన లెక్కలో నడుము 21 అంగుళాలు, పొడవు 26 అంగుళాలు అనుకుందాం.

చీర అంచే లంగా అడుగు అంచు అవుతుంది. అంటే చీర పన్నా (వెడల్పు) లంగాకు పొడవు, చీర పొడవు లంగాకు చుట్టుకొలత. అడుగున మడిచి కుట్టే పనే లేదు. నేతలో వచ్చిన అంచు దారాలు వదలదు.

పొడవు 26లో నడుము పట్టీ ఒకటింబావు అంగుళం పోగా 24¾. పైన కుట్టుకు అర అంగుళం. పాప పెరిగేకొద్దీ విప్పుకునేలా కుట్టే మూడు మడతలకు ఆరు అంగుళాలు. మొత్తం 31¼. చుట్టుకొలతకు 81 అంగుళాలు తీసుకోండి, అతుకులో ఒక అంగుళం పోయి 80 మిగులుతుంది. నూలు లంగాకు ఆ మాత్రం కుచ్చు చాలు. ఇంతకన్నా ఎక్కువ పెడితే నడుము దగ్గర ఉండచుట్టుకుని పాప విసుక్కుంటుంది.

నడుము పట్టీ: 28 అంగుళాల పొడవు, 3½ అంగుళాల వెడల్పు. చీరలో గట్టిగా ఉన్న ఏ భాగంలోంచైనా, చీర పొడవు వెంబడే తీయండి. పిల్ల నడుము 21 అయితే పట్టీ 28 ఎందుకంటే, ఇది పిరుదుల మీంచి ఎక్కాలి. బిగువు ఎలాస్టిక్ చూసుకుంటుంది. నాడా ఎందుకు పెట్టడం లేదంటే, ఆ వయసు పిల్లలు నాడాకు పీటముడి వేసి బాత్రూమ్ ముందు నిలబడి ఏడుస్తారు.

కత్తిరించడం

కొత్త నూలు గుడ్డకు చిన్న గాటు పెట్టి చింపితే పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది. పాత గుడ్డను అలా చింపకండి, ఎటు పోతుందో చెప్పలేం. అడ్డంగా కోసేచోట అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, అడ్డపోగు ఒక్కటి పట్టుకుని మెల్లిగా లాగండి. పోగు బయటికొచ్చినంత మేరా సన్నటి గీతలా సందు కనిపిస్తుంది. ఆ సందు మీదే కత్తెర నడపండి. మధ్యలో పోగు తెగితే తెగినచోటి దాకా కోసి, మళ్లీ అక్కడ పోగు అందుకోండి.

నిలువు కోత 81 అంగుళాలు, అంత పొడవు పోగు రాదు. కింది అంచు నుంచి పైకి 31¼ అంగుళాలు కొలిచి, జానెడు జానెడు దూరంలో సుద్దతో చుక్కలు పెట్టి స్కేలుతో కలపండి. పన్నా 46 అంగుళాలైతే పైన ఇంకో అంచుతో 14¾ అంగుళాల పట్టీ మిగులుతుంది. దాన్ని పారేయకండి, పాప జాకెట్టు అందులోంచే వస్తుంది.

అతుకు ముందు, మడతలు తర్వాత

మిషనుకు 11 నంబరు సూది, నూలు దారం. గట్టి పాలిస్టర్ దారం వేస్తే లాగుడు పడ్డప్పుడు దారం తెగదు, అరిగిన గుడ్డే తెగుతుంది. చిరిగిన గుడ్డను బాగుచేయడం కన్నా తెగిన కుట్టు మళ్లీ వేయడం తేలిక. కుట్టు అంగుళానికి పదికి మించొద్దు. మరీ దగ్గరగా కుడితే చిల్లుల వరసై అక్కడే చిరుగుతుంది.

అతుకు: రెండు కోత అంచులనూ లోపలివైపులు ఎదురెదురుగా పెట్టి పావు అంగుళంలో ఒక కుట్టు. దారపు కుచ్చును కత్తిరించండి. తిరగేసి, పైవైపులు ఎదురెదురుగా వచ్చేలా మడిచి, ఇంకో పావు అంగుళంలో రెండో కుట్టు. పీచు అంతా లోపల మూసుకుపోతుంది. ఓవర్‌లాక్ షాపుకు పంపే పని లేదు.

ఇప్పుడు మడతలు. చాలామంది గుడ్డ పరిచి ఉండగానే మడతలు కుట్టేసి, తర్వాత అతుకు వేస్తారు. కుట్టేటప్పుడు అది సులువే. కానీ పాప పెరిగి మడత విప్పాల్సి వచ్చినప్పుడు, దాని కొసలు అతుకులో ఇరుక్కుని ఉంటాయి, అతుకు కూడా విప్పాలి. అందుకే గుడ్డను ముందు గొట్టంలా కలిపి, మడతను గుండ్రంగా చుట్టూ కుట్టండి. అప్పుడు ఒక్క దారం లాగితే మడత ఊడి వస్తుంది.

అంగుళం లోతు మడత రెండు అంగుళాల గుడ్డ తింటుంది. విప్పినప్పుడు ఆ రెండూ తిరిగొస్తాయి. అడుగు అంచు నుంచి పైకి 8, 11½, 15 అంగుళాల దగ్గర చుట్టూ గుర్తు పెట్టండి. 8 దగ్గర గుడ్డను, లోపలివైపులు కలిసేలా, మడిచి ఇస్త్రీ చేయండి. మడత కొస నుంచి అంగుళం లోపలికి చుట్టూ కుట్టండి. మడతను కిందికి వాల్చి ఇస్త్రీ. అలాగే మిగతా రెండూ. అన్నీ కుదిరితే ఒక మడత కొసకూ కింది మడత కుట్టుకూ మధ్య అర అంగుళం గుడ్డ కనిపిస్తుంది. మొదటి మడత ఫాల్ మీద పడదు, ఫాల్ అయిదు అంగుళాలున్నా దానికి పైనే ఆగుతుంది. ఈ కుట్టు మాత్రం మామూలు కన్నా పెద్దగా వేయండి, ఎప్పుడో విప్పేదే కదా.

ఇందాక దాచిన మూడో లాభం ఇది. కొత్త గుడ్డలో మడత కుడితే, ఏడాది తర్వాత విప్పినప్పుడు లోపల దాగిన భాగం ముదురు రంగులో, చుట్టూ వెలిసిన రంగులో చారలా కనిపిస్తుంది. పెరిగిన పిల్ల లంగా అని వీధంతా తెలుస్తుంది. పాత చీర వెలిసేది ముందే చాలావరకు వెలిసింది, ఆ తేడా అంతగా కనబడదు.

ఈ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, అందులో సగం పైచిలుకు కాళ్లకే. అంటే ఒక్కో మడత ఏడాదికి తక్కువ కాకుండా వస్తుంది. పై మడత ముందు విప్పండి. కింది రెండూ అంచు పైన ఉండి అందంగానే ఉంటాయి.

కుచ్చులు, పట్టీ

లంగా పై అంచును నాలుగు సమభాగాలు చేసి గుర్తు పెట్టండి, ఒక్కోటి 20 అంగుళాలు. పట్టీ కొసలను అర అంగుళంలో కలిపి గుండ్రంగా చేస్తే 27 అంగుళాలవుతుంది. దాన్నీ నాలుగు చేయండి, ఒక్కోటి 6¾.

మిషను కుట్టును అన్నిటికన్నా పెద్దదానికి తిప్పి, పై దారం బిగువు కాస్త వదులు చేయండి. అంచు నుంచి పావు అంగుళంలో ఒకటి, ముప్పావు అంగుళంలో ఇంకొకటి, రెండు వరసలు కుట్టండి. గుర్తు గుర్తుకూ ఆపి, బెత్తెడు దారం వదిలి, మళ్లీ మొదలుపెట్టండి. 80 అంగుళాలూ ఒకే దారంతో లాగబోతే అది తెగడం ఖాయం. బాబిను వైపు దారాలు రెండూ కలిపి పట్టుకుని, గుడ్డను వేళ్లతో వెనక్కి తోస్తూ 20 అంగుళాలు 6¾కి తెచ్చుకోండి. దారాన్ని గుండుసూదికి ఎనిమిది అంకెలా చుట్టి ఆపండి.

పట్టీ ఒక నిలువు అంచును అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. మడవని అంచును లంగా పైవైపుకు ఆనించి, గుర్తుకు గుర్తు కలిపి, రెండు కుచ్చు వరసల మధ్య, అర అంగుళంలో కుట్టండి. కుచ్చులు పైకి కనబడేలా పెట్టుకుని మెల్లిగా నడపండి. సూది ముందు కుచ్చులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూపుడువేలితో సర్దుతూ పోవాలి. పాఠం మొత్తంలో తొందరపడకూడని చోటు ఇదొక్కటే. కుట్టాక కింది కుచ్చు దారం లాగేయండి. సూది గుర్తులు ఒక ఉతుకులో పోతాయి.

పట్టీని లోపలికి తిప్పి, మడిచిన అంచు కుట్టును కప్పేలా పెట్టి చుట్టూ కుట్టండి, రెండు అంగుళాల సందు వదలండి. అంగుళం వెడల్పు ఎలాస్టిక్ 20 అంగుళాలు కోసి, పిన్నీసుతో లోపలికి దూర్చి, కొసలు అంగుళం ఒకదాని మీద ఒకటి పెట్టి చతురస్రంగా కుట్టండి. అంటే 19, నడుము కన్నా రెండు తక్కువ. ముందు పాపకు తొడిగి, మఠం వేసుకుని కూర్చోమనండి. పొట్ట మీద ఎర్రగీత పడకపోతే సందు మూసేయండి.

చీరలో ఇంకా ఏం మిగిలిందో చూద్దాం. అయిదున్నర మీటర్లంటే సుమారు 216 అంగుళాలు. లంగాకు 81 పోయింది, పైట చెంగు గళ్ల భాగం ఒక 36 అనుకుంటే, ఇంకో 99 అంగుళాలు పూర్తి పన్నాతో ఉంది. పట్టీ తీసినంత మేర తప్ప మిగతాదంతా గట్టిగా ఉంటే మీకు కుర్తా వస్తుంది. దాన్ని ఆరో పాఠంలో కోద్దాం.

వచ్చే పాఠం జాకెట్టు. ఈలోగా మూడు పనులు: పాప ఛాతీ, భుజం, భుజం నుంచి నడుము దాకా పొడవు కొలిచి రాసి ఉంచండి. 14¾ అంగుళాల పట్టీని ఇస్త్రీ చేసి, మడవకుండా చుట్ట చుట్టి పెట్టండి. పాపకు సరిగ్గా పట్టే పాత గౌను ఒకటి దొరకబుచ్చుకోండి, చంక కొలత దానిమీంచే తీస్తాం.