లినక్స్‌లో తెలుగు పెట్టుకోవడం ఎలా? (కంప్యూటర్ మూగబోకుండా)

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు జెరాక్స్, ప్రింటింగ్, కంప్యూటర్ రిపేరు కలిపి ఒకటే చిన్న షాపు. ఇటు గజపతి జిల్లా పల్లెల వాళ్లు వస్తారు. సరిహద్దు దాటితే పాతపట్నం కాబట్టి అటు శ్రీకాకుళం జిల్లా వాళ్లూ వస్తారు. ఒకరికి దరఖాస్తు ఒడియాలో కావాలి, ఒకరికి తెలుగులో కావాలి, పెళ్లి కార్డయితే రెండూ కావాలి. పాత లాప్‌టాపులకి విండోస్ బరువైపోతోందని కొన్నేళ్లుగా దాని బదులు లినక్స్ మింట్ వేసిస్తున్నాను. వేసిన రోజున ఏ గొడవా ఉండదు. నెల తిరక్కుండా అదే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వస్తారు. "తెలుగు పెడదామని ఏదో వీడియో చూసి కొట్టేనండీ, ఇప్పుడు ఏటీ తెరుచుకోట్లేదు."

ప్రతి ఒక్కరికీ మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే రాస్తున్నాను. టైపు చేయాల్సినవి వచ్చినప్పుడు ఫోన్లో చెప్పినట్టే రాస్తాను: ఏ అక్షరం పెద్దది, ఏది చిన్నది, ఎక్కడ ఖాళీ వదలాలి అని. షాపు మూసేశాక ఫోన్ చేసేవాళ్లకి ఇలాగే చెబుతాను, పని జరుగుతోంది.

కావలసినవి

నెట్టు, మీ పాస్‌వర్డు, ఓ అరగంట. ఇంకొకటి ఎవరూ చేయరు, చేయమంటే నవ్వుతారు: మొదలుపెట్టే ముందే సెట్టింగ్స్‌లో రెండో యూజర్‌ని తయారుచేసి, అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చి, భాష ఇంగ్లీషులోనే ఉంచండి. పేరు ఏదైనా పెట్టుకోండి, నేను "స్టెపినీ" అని పెడతాను. మీ ఖాతాలో ఏదైనా తగలెట్టుకుంటే అందులోంచి వచ్చి బాగుచేసుకోవచ్చు. ఇది లేకుండా నా షాపులో ఏ కంప్యూటర్ మీదా భాష ముట్టుకోను.

భాషను దించుకోవడం

మింట్‌లో మెనూ తెరిచి ప్రిఫరెన్సెస్‌లో లాంగ్వేజెస్ అనే దాంట్లోకి వెళ్లండి. ఇన్‌స్టాల్, రిమూవ్ లాంగ్వేజెస్ అనే బటన్ ఉంటుంది. అక్కడ యాడ్ నొక్కి తెలుగు, ఇండియా ఎంచుకోండి. తర్వాత ఆ వరస పక్కనే కొన్ని ప్యాకులు లేవని కనిపిస్తే వాటినీ దించమనండి. ఒడియా కావాలంటే అదీ ఇలాగే. కొన్ని జాబితాల్లో ఒడియా అని ఉండదు, ఒరియా అని ఉంటుంది. 2011లో రాజ్యాంగంలో పేరు మారినా కంప్యూటర్ లోపలి గుర్తు మాత్రం పాత పేరులోని ఓ, ఆర్ అనే రెండక్షరాలే. కంగారు పడక్కర్లేదు, రెండూ ఒకటే.

ఉబుంటు (ఇంకో రకం లినక్స్) అయితే సెట్టింగ్స్‌లో రీజియన్ అండ్ లాంగ్వేజ్ అని ఉంటుంది. కొత్త వాటిలో అది సిస్టమ్ అనే దాని లోపలికి పోయింది. మిగతాదంతా దాదాపు ఇదే.

ఫాంట్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. లోహిత్, నోటో, పోతన ఏదున్నా చాలు.

భాషను ఎంచుకోవడం

అదే కిటికీలో పైన భాష అనే వరస ఉంటుంది. అక్కడ తెలుగు నొక్కండి. కింద "అప్లై సిస్టమ్ వైడ్" అని ఇంకో బటన్ ఊరిస్తూ ఉంటుంది. అది నొక్కకూడదు. ఇంట్లో నలుగురు వాడే కంప్యూటర్లో మీ ఒక్కరి సరదా అందరి నెత్తినా రుద్దడం ఎందుకు? పైగా అది నొక్కితే లాగిన్ తెరకీ అదే భాష వచ్చేస్తుంది.

మెనూలు పూర్తిగా తెలుగులోకి మారతాయని మాత్రం ఆశపడకండి. కొన్ని మారతాయి, కొన్ని ఇంగ్లీషులోనే ఉంటాయి. ఎవరో తీరికలో అనువదించినంత మేరకే ఉంటుంది. మారినవాటిలో "దస్త్రం", "అమరికలు" లాంటి మాటలు చూసి మా ఊరి పిల్లలు తెల్లమొహం వేస్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడింది ఇక్కడినుంచే. ఫైల్‌ని ఫైల్ అంటే ఏం పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా నాలుగు రోజులు వాడితే అలవాటవుతుంది. నాకూ అయింది.

ఉబుంటులో భాషల్ని పైకీ కిందికీ లాగి వరస మార్చవచ్చు. తెలుగు తర్వాత ఒడియా, ఆ తర్వాత ఇంగ్లీషు అని పెట్టుకున్న ఒక మేష్టారు వచ్చారు. తెలుగులో లేని ప్రతి మాటకీ కంప్యూటర్ తర్వాతి భాషలో వెతుక్కుంటుంది కదా, దాంతో ఒకే మెనూలో మూడు వరసలు తెలుగు, రెండు వరసలు ఒడియా, చివర ఒకటి ఇంగ్లీషు. అచ్చం మా గుణుపురం బస్సులో మాటల్లా ఉంది. ఆయన తెగ ముచ్చటపడ్డారు గానీ, వాళ్లావిడకి ఏం నొక్కాలో తెలియక మర్నాడే తిరిగొచ్చారు. తెలుగు తర్వాత నేరుగా ఇంగ్లీషే ఉండాలి.

అసలు తంటా: ప్రాంతం

ఇక్కడే అందరూ బోల్తా పడేది. భాష వేరు, ప్రాంతం వేరు. భాష అంటే మెనూలో మాటలు. ప్రాంతం అంటే తేదీ ఎలా రాయాలి, అంకెల్లో కామాలు ఎక్కడ పెట్టాలి, డబ్బు గుర్తు ఏది, ప్రింటర్‌కి ఏ కాగితం అని చెప్పాలి అన్నవి. లినక్స్ ఈ ఒక్కొక్కదానికీ వేరే అర పెట్టింది. అరల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఎల్, సీ, కింద గీతతో మొదలవుతాయి: తేదీకి టైమ్, అంకెలకి న్యూమరిక్, డబ్బుకి మానిటరీ, కాగితానికి పేపర్. ఏ అరలోనూ ఏమీ పెట్టకపోతే లాంగ్ అనే పెద్ద అరలో ఏముందో అదే వర్తిస్తుంది.

చాలామంది కంప్యూటర్లలో ప్రాంతం అమెరికా ఇంగ్లీషు అయి ఉంటుంది. ఎక్కించేటప్పుడు మొదట కనిపించింది నొక్కేస్తారు కదా. దాంతో వచ్చే నష్టం వెంటనే తెలీదు. దరఖాస్తులవీ టైపు చేసుకునే లిబ్రేఆఫీస్‌లో కొత్త పేజీ తెరిస్తే అది అమెరికా లెటర్ సైజు, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన షాపుల్లో దొరికేది ఎ4, 210 వెడల్పు, 297 పొడవు. ఒకావిడ ఇంట్లో అఫిడవిట్ టైపు చేసుకుని ప్రింటుకి తెచ్చింది. పొడవులో 18 మిల్లీమీటర్లు తక్కువ కదా, ఎంత సర్దినా సంతకం గీత ఒక్కటీ రెండో పేజీ మీద పడుతుంది. ఫాంటు తగ్గించి, మార్జిన్ తగ్గించి గంటసేపు కుస్తీ పట్టాం. చివరికి పేజీ సైజు చూస్తే అదీ సంగతి. తేదీలూ అంతే: అమెరికా పద్ధతిలో 3/4 అంటే మార్చి నాలుగు, మనకి ఏప్రిల్ మూడు. పన్నెండు లక్షల అంకె 1,200,000 అని కనిపిస్తే సున్నాలు లెక్కపెట్టుకోవాలి. మనకి 12,00,000 అని కావాలి.

కాబట్టి ప్రాంతం వరసలో ఇంగ్లీషు, ఇండియా పెట్టండి. తెలుగు, ఇండియా కూడా పెట్టొచ్చు గానీ నేను పెట్టను, ఎవరికీ పెట్టనివ్వను. తేదీ తెలుగులో చూపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ తేదీని ఫైలు పేరులో అతికించే ప్రోగ్రాములుంటాయి. స్కాన్ చేసిన ఆధార్ కాపీ పేరులో "శుక్రవారం" వచ్చి కూర్చుంటే, ఇంగ్లీషు పేర్లు తప్ప తీసుకోని వెబ్‌సైట్‌లో అది ఎక్కదు.

కిటికీలోనే ఇదంతా అయిపోతే అక్కడితో ఆపండి. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) జోలికి వెళ్లకండి. నా దగ్గరికి చెడిపోయి వచ్చినవన్నీ టెర్మినల్లో ఫైలు తెరిచి చేత్తో దిద్దినవే.

దిద్దక తప్పదనుకుంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. మొదటిది, వరస. ముందు కావలసిన లోకేల్‌ని (భాష, ప్రాంతం కలిపిన అమరిక) కంప్యూటర్లో తయారుచేయాలి, ఆ తర్వాతే దాన్ని వాడమని చెప్పాలి. తయారైందో లేదో చూడటానికి టెర్మినల్లో చిన్న అక్షరాలతో లోకేల్ (ఎల్ ఓ సీ ఏ ఎల్ ఈ) అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న ఏ కొట్టండి. వచ్చిన జాబితాలో చిన్న టీ, చిన్న ఈ, కింద గీత, పెద్ద ఐ, పెద్ద ఎన్ ఉంటే తెలుగు ఉన్నట్టు. లేకుండానే లాంగ్‌లో తెలుగు అని రాశారనుకోండి, కంప్యూటర్ దాన్ని నమ్మదు, సీ అనే మొండి ఇంగ్లీషుకి పడిపోతుంది. ఆ స్థితిలో గ్నోమ్ టెర్మినల్ తెరుచుకోదు. బాగుచేయడానికి టెర్మినల్ కావాలి, టెర్మినల్ తెరవడానికి బాగుచేయాలి.

రెండోది, యూటీఎఫ్-8 అనే తోక. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి పేరు అది. తయారుచేయాల్సినవాటి జాబితా ఈటీసీ అనే ఫోల్డర్‌లో లోకేల్ చుక్క జెన్ (జీ ఈ ఎన్) అనే ఫైలులో ఉంటుంది. అందులో అమెరికా ఇంగ్లీషు వరసలో యూటీఎఫ్-8 అని రెండుసార్లు కనిపిస్తుంది: ఒకసారి పేరుకి చుక్కతో అతుక్కుని, ఒకసారి ఖాళీ తర్వాత. తెలుగు వరసలో ఒక్కసారే, ఖాళీ తర్వాతే ఉంటుంది. ఇంగ్లీషుని చూసి తెలుగుకీ చుక్క పెట్టి తోక తగిలిస్తారు, అది అక్కర్లేదు. వరస ముందున్న హాష్ గుర్తు తీసేయండి, ఇంకేమీ ముట్టుకోకండి. తర్వాత సుడో (చిన్న అక్షరాల్లో ఎస్ యూ డీ ఓ, అడ్మినిస్ట్రేటర్ హక్కుతో చేయమని), ఖాళీ, లోకేల్ అడ్డగీత జెన్ అని కొట్టండి. ఒడియా, మరాఠీ, ఇండియా ఇంగ్లీషు వరసలూ తెలుగులాంటివే.

మూడోది, ఎల్‌సీ ఆల్. ఇది అరలన్నిటినీ మూసేసే తాళం. తేదీ అరలో ఏం పెట్టినా, కాగితం అరలో ఏం పెట్టినా, ఎల్‌సీ ఆల్ ఉంటే అవేవీ పనిచేయవు. వీడియోల్లో ఇదొక్కటి పెడితే అన్నీ సరిపోతాయని చెబుతారు. ఆ రోజుకి సరిపోతాయి. ఆరు నెలల తర్వాత ప్రాంతం మార్చబోతే ఏం చేసినా మారదు, ఎందుకు మారట్లేదో ఎవరికీ గుర్తుండదు. దాన్ని ఏ ఫైలులోనూ శాశ్వతంగా రాయకండి. దానికి సరైన చోటు ఒకటుంది: టెర్మినల్లో తప్పు సందేశం తెలుగులో వచ్చి ఒత్తులు చెదిరిపోయి కనిపిస్తే, ఆదేశం ముందు పెద్ద అక్షరాల్లో ఎల్‌సీ కింద గీత ఆల్, ఈక్వల్ గుర్తు, పెద్ద సీ, ఖాళీ అని పెట్టండి. ఆ ఒక్కసారికి సందేశం ఇంగ్లీషులో వస్తుంది, నెట్‌లో వెతుక్కోవచ్చు.

ఇన్ని చెప్పినా చెడగొట్టుకున్నవాళ్లకి: ముందు స్టెపినీ ఖాతాలోకి వెళ్లి చూడండి. అక్కడా అదే గోల అయితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెర వస్తుంది. అక్కడ తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే భయపడకండి, ఆ తెరకి తెలుగు రాదు, అంతే. పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లి ఇలా కొట్టండి: సుడో, ఖాళీ, అప్‌డేట్ అడ్డగీత లోకేల్, ఖాళీ, రెండు అడ్డగీతలు, వెంటనే రీసెట్, ఖాళీ, పెద్ద అక్షరాల్లో ఎల్ ఏ ఎన్ జీ, ఈక్వల్, పెద్ద సీ, చుక్క, పెద్ద యూ టీ ఎఫ్, అడ్డగీత, 8. రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ ఇంగ్లీషులో లేచి కూర్చుంటుంది. ఇది మింట్, ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలకి.

లాగౌట్, లాగిన్, ఒక ప్రశ్న

కిటికీ మూస్తే సరిపోదు, లాగౌట్ అయి మళ్లీ రావాలి. రాగానే ఒక చిన్న పెట్టె అడుగుతుంది: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్ల పేర్లు కూడా కొత్త భాషలోకి మార్చమంటారా అని. పాత పేర్లే ఉంచమనండి, మళ్లీ అడగొద్దనే గడిలో టిక్కు పెట్టండి. మార్చమంటే కొత్త పేర్లతో ఖాళీ ఫోల్డర్లు పుడతాయి, పాతవాటిలో ఉన్నవి కదలవు. మా మేనల్లుడు అలాగే నొక్కేసి పొద్దున్న ఆరింటికి ఫోన్ చేశాడు: "మావా, డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ ఎగిరిపోనాయి!" ఎక్కడికీ పోలేదు, పాత ఫోల్డర్లోనే ఉన్నాయి. వాడిని నమ్మించేసరికి నా టీ చల్లారిపోయింది.

కీబోర్డు

ఇన్‌స్క్రిప్ట్ (మన భాషలకి ఒకే తీరుగా ఉండే మీటల అమరిక) పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేవి సులువని అందరూ వాటి వెంట పడతారు. మన జిల్లాల వాళ్లకి అది దండగ. ఇన్‌స్క్రిప్ట్‌లో కె మీట మీద తెలుగులో క ఉంటే ఒడియాలోనూ క అక్షరమే ఉంటుంది, హెచ్ మీద రెండిట్లోనూ ప, డి మీద రెండిట్లోనూ పొల్లు. వేళ్లకి ఒక్కసారి నేర్పితే రెండు భాషలూ, కావాలంటే హిందీ కూడా వచ్చేస్తాయి. నా దగ్గర పనిచేసే అమ్మాయి తెలుగు కొట్టడం నేర్చుకున్న రెండు వారాలకే ఒడియా దరఖాస్తులు కొట్టేసింది. ఒడియా చదవడం బడిలో వచ్చిందే, వేళ్లకి మాత్రం కొత్తగా నేర్పింది లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇంగ్లీషు, తెలుగు, ఒడియా ఈ వరసలోనే చేర్చండి. ఇంగ్లీషు మొదట లేకపోతే పాస్‌వర్డు తెలుగులో పడి లోపలికి రానివ్వదు.

సరిచూసుకోవడం

టెర్మినల్లో లోకేల్ అని ఒక్క మాట కొట్టండి. లాంగ్ పక్కన తెలుగు గుర్తు, టైమ్, పేపర్ లాంటివాటి పక్కన ఇండియా ఇంగ్లీషు గుర్తు ఉండాలి. చివర ఎల్‌సీ ఆల్ పక్కన ఏమీ ఉండకూడదు. తర్వాత లిబ్రేఆఫీస్‌లో కొత్త పేజీ తెరిచి, ఫార్మాట్‌లో పేజీ సైజు చూడండి. ఎ4 అని ఉంటే ఒక ప్రింటు తీసి చూసుకోండి. లెటర్ అనే ఉంటే లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అనే చోట దానికి సొంత ప్రాంతం ఉంటుంది, అక్కడా ఇంగ్లీషు, ఇండియా పెట్టండి.