పోటీ గేమ్‌లోంచి ఏం తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి

పోటీ కంపెనీ గేమ్ చూసి ఐడియా తీసుకోవచ్చా అని మీటింగ్‌లో ఎవరైనా అడిగితే నేను నిస్సంకోచంగా తీసుకోమంటాను. ఈ పరిశ్రమ పెరిగిందే అలా. 1993లో 'డూమ్' వచ్చాక కొన్నేళ్లపాటు ఆ తరహా షూటింగ్ గేమ్ ఏది వచ్చినా 'డూమ్ క్లోన్' (డూమ్ నకలు) అనే పిలిచేవారు. ఆ క్లోన్‌ల గుంపులోంచే ఒక జానర్, అంటే ఒక కొత్త రకం ఆట, నిలబడింది. డిజైనర్‌గా నా పట్టుదల ఒక్కటే: ప్లేయర్ దృష్టి పడనక్కర్లేని చోట ఎంతైనా తీసుకోండి, పడాల్సిన చోట మాత్రం మీ సొంత సరుకు ఉండాలి. పరుగెత్తే బటన్, కెమెరా తిరిగే తీరు, సామాన్ల లిస్ట్ అమరిక లాంటి వాటిలో కొత్తదనం చూపించాలని తాపత్రయపడే టీమ్‌లంటే నాకు చిరాకు. అలవాటైన బటన్ మార్చేస్తే ప్లేయర్ తిట్టుకుంటాడు, అంతే.

పోటీ గేమ్ ఆడేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. నచ్చిన ఫీచర్ పేరు రాయకండి, అది ప్లేయర్‌కి ఏ ఇబ్బంది తప్పించిందో రాయండి. ఉదాహరణకి 2019 ఫిబ్రవరిలో వచ్చిన 'ఏపెక్స్ లెజెండ్స్' చూడండి. ఒక్క బటన్ నొక్కితే శత్రువు ఎటున్నాడో, ఏ తుపాకీ ఎక్కడ పడి ఉందో జట్టులో అందరికీ గుర్తు కనిపిస్తుంది, పాత్ర నోటితో చెప్తుంది కూడా. దీన్ని 'పింగ్ సిస్టమ్ పెట్టాలి' అని రాసుకున్న టీమ్ మక్కికి మక్కి దించేస్తుంది. నేనైతే ఇలా రాస్తాను: 'మైక్ లేనివాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు జట్టుగా ఆడలేకపోతున్నారు.' ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న తేలిక. మన గేమ్‌లో ఈ ఇబ్బంది ఉందా? లేకపోతే ఆ ఫీచర్ ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

ఏపెక్స్‌కి పోటీ గేమ్ 'ఫోర్ట్‌నైట్'కి ఆ ఇబ్బంది ఉంది కాబట్టి కొద్ది వారాల్లోనే పింగ్ తెచ్చుకుంది. ఆ తర్వాత అది చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఏపెక్స్‌లో చనిపోయిన సహచరుడి బ్యానర్ (గుర్తు) తీసుకుని మ్యాప్‌లోని ఒక బీకన్ (సిగ్నల్ యంత్రం) దగ్గరికి వెళితే అతను మళ్లీ ఆటలోకి వస్తాడు. ఏప్రిల్ నాటికి ఫోర్ట్‌నైట్‌లోనూ అలాంటిదే వచ్చింది, కాకపోతే అక్కడ కార్డు తీసుకుని ఒక వ్యాన్ దగ్గరికి పరుగెత్తాలి. రూల్ దాదాపు అదే. కానీ ఆ వ్యాన్ మొదటినుంచీ ఆ మ్యాప్‌లోనే ఉన్నట్టు ఉంటుంది.

ఒక్క గేమ్‌నే చూసి తీసుకోకండి, దాని వెనక తరాన్ని కూడా ఆడండి. గోడ చాటున నక్కి కాల్చడం అనగానే చాలామందికి 2006 నాటి 'గేర్స్ ఆఫ్ వార్' గుర్తొస్తుంది. అది 2003లోనే 'కిల్ స్విచ్'లో ఉంది. రెండూ పక్కపక్కన ఆడితే ఏది మార్చారో, ఏది ఉంచారో తెలుస్తుంది.

ఇక కోర్టు సంగతి. చాలా దేశాల్లో కాపీరైట్ ఆట రూల్స్‌కి వర్తించదు, వాటికి ఇచ్చిన రూపానికి వర్తిస్తుంది. అమెరికాలో 'టెట్రిస్' హక్కుదారులు 'మినో' అనే ఐఫోన్ గేమ్ మీద వేసిన కేసులో 2012లో వచ్చిన తీర్పు ప్రతి డిజైనర్ చదవాలి. రూల్స్ మాత్రమే తీసుకున్నామని మినో చేసిన సంస్థ వాదించింది. ముక్కల ఆకారాలు, పది గళ్ల వెడల్పు, ఇరవై గళ్ల ఎత్తు ఉన్న బోర్డు, ముక్క ఎక్కడ పడుతుందో చూపే నీడ అన్నీ అలాగే ఉన్నాయని కోర్టు తేల్చింది, ఆ సంస్థ ఓడిపోయింది. దీనికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. మీకు కావలసిన రూల్‌ని బొమ్మ ఒక్కటీ లేకుండా పది వాక్యాల్లో రాసి, ఆ పోటీ గేమ్ ఎప్పుడూ ఆడని ఆర్టిస్ట్ చేతికివ్వండి. స్క్రీన్‌షాట్‌లు చూపించొద్దు. వచ్చిన బొమ్మ కొంచెం వింతగా ఉంటే మంచిదే.

(కోర్టుల్లో ఒక సరదా కూడా జరిగింది. తమ కరాటే గేమ్‌ని కాపీ కొట్టారని ఎపిక్స్ మీద వేసిన కేసులో డేటా ఈస్ట్ 1988లో ఓడిపోయింది. తర్వాత 'స్ట్రీట్ ఫైటర్'ని కాపీ కొట్టిందని క్యాప్‌కామ్ ఆ డేటా ఈస్ట్ మీదే కేసు వేసింది. 1994లో కోర్టు క్యాప్‌కామ్ అడిగిన స్టే ఇవ్వలేదు.)

పేటెంట్ దగ్గర మాత్రం రూల్స్ తీసుకోవచ్చన్న ఈ ధీమా పనికిరాదు, ఎందుకంటే అది పనిచేసే పద్ధతినే పట్టుకుంటుంది. లోడింగ్ సమయంలో చిన్న గేమ్ ఆడించే పద్ధతి మీద నామ్కోకి ఉన్న అమెరికా పేటెంట్ 2015 చివరిదాకా నడిచింది. 'షాడో ఆఫ్ మోర్డోర్'లో శత్రువులు పాత పగలు గుర్తుపెట్టుకునే నెమెసిస్ సిస్టమ్‌కి 2021లో పేటెంట్ వచ్చింది. 'పాల్‌వరల్డ్' మీద నింటెండో, పోకెమాన్ కంపెనీ 2024 సెప్టెంబర్‌లో టోక్యోలో వేసింది పేటెంట్ దావానే. ఆ నవంబర్‌లోనే గోళం విసిరి జీవిని పిలిచే పద్ధతిని పాల్‌వరల్డ్ తీసేసింది, కారణం ఈ దావాయేనని తర్వాత చెప్పింది. కాబట్టి కోడ్ రాయకముందే, తీసుకుంటున్న వాటి జాబితాని పేటెంట్‌లు తెలిసిన లాయర్‌కి చూపించండి. గేమ్ అమ్మే ప్రతి దేశానికీ విడిగా అడగండి. లాయర్ ఫీజు చూసి వెనకాడొద్దు.

ఎవరైనా మిమ్మల్ని నమ్మి రహస్యంగా చూపించిన గేమ్ జోలికి అసలు వెళ్లకండి. దీనికి వివరణ అక్కర్లేదు.

టైమింగ్ కూడా చూడాలి. 2019 జనవరిలో, పావులు వాటంతటవే పోరాడే 'ఆటో చెస్' వచ్చింది, జూన్‌కల్లా రయట్ కంపెనీ అదే తరహాలో 'టీమ్‌ఫైట్ టాక్టిక్స్' తెచ్చింది. అది నిలబడింది. జట్లుగా ఆడే షూటింగ్ గేమ్ 'ఓవర్‌వాచ్' వచ్చింది 2016లో. అదే బాటలో 'కాంకర్డ్' ఎనిమిదేళ్లు ఆలస్యంగా 2024 ఆగస్ట్ 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది. పోటీలో ఉచిత గేమ్‌లు ఉండగా దాని ధర 40 డాలర్లు. చిన్న టీమ్ అయితే నేను చెప్పేది ఇదే: విడి ఫీచర్లు తీసుకోండి, ట్రెండ్ మొత్తాన్ని నెత్తికెత్తుకోవద్దు.

ప్రోటోటైప్ (ఆడి చూసే తొలి నమూనా) సిద్ధమయ్యాక ఆ పోటీ గేమ్‌ని పిచ్చిగా ఆడేవాళ్లని పిలిచి ఆడించండి. 'ఇది అదేగా' అని తప్పకుండా అంటారు, కంగారుపడకండి. ఎన్నో నిమిషంలో అన్నారో చూడండి. మొదటి ఐదు నిమిషాల్లో అయితే మంచిదే, చేతులు అలవాటుగా కదిలాయన్నమాట. గంట తర్వాత కూడా అదే మాట అంటే గేమ్ మధ్యభాగం ఖాళీగా ఉంది. 'గెన్షిన్ ఇంపాక్ట్'లో కొండ ఎక్కడం, గాల్లో తేలడం చూసి ఇది పాత గేమ్ 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లాగే ఉంది అన్నవాళ్లు కోకొల్లలు. కానీ కాసేపు ఆడితే నలుగురు పాత్రల్ని మారుస్తూ నిప్పునీ నీటినీ మంచునీ కలిపి కొట్టడంలోనే మనసు పడుతుంది. మీ టెస్టర్లని మర్నాడు ఫోన్ చేసి ఒకటే అడగండి: నిన్న ఇంటికెళ్లాక ఏ గేమ్ తెరిచారు? పాత గేమ్ తెరిచినవాళ్లతో కాస్త ఎక్కువసేపు మాట్లాడండి.