వేల సీడీలున్నవాళ్లు ఖరీదైన ప్లేయర్ కొనేటప్పుడు

లోపల ఏ డాక్ చిప్ (డీఏసీ, అంటే డిస్కులోని డిజిటల్ అంకెలను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) ఉందన్నది తర్వాత చూడొచ్చు. ముందు అడగాల్సింది డిస్కు చదివే మెకానిజం గురించి: ఎవరి తయారీ, లేజర్ బలహీనపడితే విడిగా దొరుకుతుందా? డాక్ పాతబడితే బయట ఇంకొకటి తగిలించుకోవచ్చు. లేజర్ దొరకని ప్లేయర్‌ని మాత్రం ఎంత పెట్టి కొన్నా పక్కన పెట్టాల్సిందే.

కొనే ముందు మీ అరల్లోంచి మొండి డిస్కులు ఓ పది ఏరండి. గీతలు పడ్డవి, ఇంట్లో రైట్ చేసిన సీడీ-ఆర్‌లు, 78 నిమిషాలు దాటినవి, పాటకీ పాటకీ మధ్య విరామం లేని కచేరీ రికార్డింగ్ తప్పక ఉండాలి. సీడీని లేజర్ లోపలి నుంచి బయటి అంచు వైపు చదువుతుంది. డిస్కు వంకర, ఊగుడు అంచు దగ్గరే ఎక్కువ. అందుకే మొదటి ట్రాక్ విని సరేననకండి, నిండు డిస్కులో చివరి ట్రాక్ పూర్తిగా వినండి. చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూలు ఉంటే వాటినీ పెట్టి చూడాలి. వాటి నుంచి వెలుగు చాలా తక్కువగా తిరిగొస్తుంది కాబట్టి కొన్ని ప్లేయర్లు అసలు గుర్తించవు. 8 సెంటీమీటర్ల చిన్న సీడీలుంటే ట్రే ఉన్నదే తీసుకోండి, స్లాట్‌లో ఇరుక్కుపోతాయి.

1980ల నాటి కొన్ని సీడీల్లో ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది, అంటే రికార్డింగ్‌లోనే ట్రెబుల్ పెంచి ఉంచుతారు. డిస్కులోని ఒక గుర్తును చూసి ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గించాలి. బయటి డాక్‌లు కొన్ని ఆ గుర్తును పట్టించుకోవు. అదే డిస్కు అనలాగ్ అవుట్‌పుట్‌లో బాగుండి, డాక్ ద్వారా కీచుగా వినిపిస్తే కారణం ఇదే కావచ్చు.

ఎస్ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కన్నా ఎక్కువ నాణ్యత గల డిస్కులు) ఎక్కువగా ఉన్నవాళ్ల లెక్క వేరు. వాటికి 650 నానోమీటర్ల లేజర్ కావాలి, మామూలు సీడీకి 780 సరిపోతుంది. పైగా ఎస్ఏసీడీ పొరలోని సంగీతం సాధారణంగా బయటి డాక్‌కు కలిపే కోయాక్సియల్, ఆప్టికల్ డిజిటల్ అవుట్‌పుట్‌ల నుంచి బయటికి రాదు. ఇక్కడ మాత్రం లోపలి డాక్ నాణ్యతే కీలకం. హైబ్రిడ్ డిస్కులకు సీడీ పొర కూడా ఉంటుంది గనుక అవి ఏ ప్లేయర్‌లోనైనా మోగుతాయి.

రెండు ప్లేయర్లను పోల్చేటప్పుడు శబ్దస్థాయి సమానం చేయకపోతే ఆ పోలికకు విలువే లేదు. మామూలు ఆర్‌సీఏ అవుట్‌పుట్ 2 వోల్టుల దగ్గర, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ (బ్యాలెన్స్‌డ్) అవుట్‌పుట్ తరచుగా 4 వోల్టుల దగ్గర ఉంటుంది; కాస్త గట్టిగా మోగేదే చెవికి మెరుగ్గా తోస్తుంది. 1 కిలోహెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ కొలవండి. తేడా 1 శాతం లోపు వచ్చాకే వినడం మొదలుపెట్టండి.

వందల డిస్కులు లోపలే పట్టే ఛేంజర్లు ఊరిస్తాయి గానీ, బెల్టులు, గేర్లు ఎక్కువ, రిపేరు కష్టం. సెకండ్ హ్యాండ్ అయితే ఫిలిప్స్ సీడీ-ప్రో2 లాంటి, తయారీ ఆగిపోయిన మెకానిజం ఉన్నవాటిని విడి లేజర్ చేతిలో ఉంటేనే కొనండి. సోనీ కేఎస్ఎస్-213 పికప్‌లు (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగాలు) ఇప్పటికీ దొరుకుతాయి, కానీ నకళ్లు చాలా, నాణ్యత ఒకేలా ఉండదు. ట్రే తడబడితే భయపడకండి, చాలాసార్లు అది సాగిపోయిన రబ్బరు బెల్టే. శుభ్రమైన ప్రెస్డ్ డిస్కు (ఫ్యాక్టరీలో అచ్చు వేసినది) వేసినా ట్రాకుల సంఖ్య చూపడానికి 10 సెకన్లు దాటిందంటే లెన్స్ మీద దుమ్మైనా ఉండాలి, లేజరైనా అలసి ఉండాలి. లెన్స్ తుడిపించాక కూడా అంతే సమయం పడితే వదిలేయండి.